పెద్ద ఫిరంగులు మోగిన రోజు

మొన్నటి నవంబరు సెలవుల్లో పిల్లల పోరు పడలేక దక్షిణ కరోలినా తీరంలోని హిల్టన్ హెడ్ దీవికి వెళ్ళి నాలుగు రోజులుండి వచ్చాం. షార్లట్ నుంచి నాలుగు గంటల కారు ప్రయాణం. పటంలో చూస్తే బూటు తొడిగిన పాదంలా ఉంటుందా దీవి. ఓక్ కొమ్మలకు జడల్లా వేలాడే బూడిదరంగు నాచు, గోల్ఫ్ మైదానాలు, కాపలావాడు చీటీ ఇస్తే తప్ప లోపలికి పోనివ్వని కాలనీలు. ఆ కాలనీల పేర్లలో చాలాకాలం 'ప్లాంటేషన్' అన్న మాట ఉండేది. కొన్ని ఈమధ్య తీసివేశాయి, కొన్ని ఇంకా ఉంచుకున్నాయి. ఆ నేల మీద ఆ మాటకు అర్థమేమిటో తెలిసినవాడికి అక్కడ ఇంటి తాళం చేతిలోకి తీసుకుంటున్నప్పుడు కాస్త ఇబ్బందిగానే ఉండాలి. నాకేమీ అనిపించలేదు.

మొదటిరోజు వాన. పిల్లలు పేకముక్కలు ముందేసుకుని కూర్చున్నారు. అలమరలో ఎవరో వదిలివెళ్ళిన స్థానిక చరిత్ర పుస్తకమొకటి కనిపిస్తే నేను తీసి తిరగేశాను. ఒక పేజీ దగ్గర ఆగిపోయాను. 1861 నవంబరు 7న ఈ దీవి మీది కోటను కాపాడుతున్న సేనాని పేరు థామస్ డ్రేటన్. ఆ కోట మీద గుండ్లు కురిపించిన ఓడల్లో ఒకదాని కెప్టెన్ పేరు పెర్సివల్ డ్రేటన్. ఇద్దరూ అన్నదమ్ములు. ఒక తండ్రి బిడ్డలు.

నేనూ మా అన్నయ్యా మాట్లాడుకుని పదకొండేళ్ళయింది. కారణం రేపల్లె దగ్గర అరెకరం పొలం. ఆ సంగతి తరువాత చెబుతాను. ఆ మధ్యాహ్నం మాత్రం ఆ రెండు పేర్లూ నన్ను వదలలేదు. వాన తగ్గినా లేవలేదు. తిరిగి వచ్చాక కూడా రెండు నెలలపాటు దొరికిందల్లా చదువుతూ పోయాను.

అమెరికా అంతర్యుద్ధమనగానే మనకు లింకనూ గెటిస్‌బర్గూ గుర్తుకొస్తాయి. సినిమాలన్నీ పదాతి దళాలవే. కాని మొదటి సంవత్సరం చరిత్రలో సగం నీటిమీద జరిగింది. 1861 ఏప్రిల్ 12న చార్లెస్టన్ రేవులోని సమ్టర్ కోట మీద దక్షిణాదివారు ఫిరంగులు పేల్చారు. వారం తిరిగేసరికి, 19వ తేదీన, లింకన్ దక్షిణాది రేవులన్నిటికీ దిగ్బంధం ప్రకటించాడు. పత్తి బయటకు పోకూడదు, తుపాకులు లోపలికి రాకూడదు. ఆలోచన బాగానే ఉంది. కాపలా కాయవలసిన తీరం పొడవు 3,500 మైళ్ళు. అప్పటికి పనిలో ఉన్న యుద్ధనౌకలు 42. వాటిలోనూ చాలా భాగం దూరదేశాల నీళ్ళలో తిరుగుతున్నాయి. ఊరంతటికీ ఒక్క తలారి ఉన్నట్టు.

(ఆ దిగ్బంధం దెబ్బ మన దాకా వచ్చింది. అమెరికా పత్తి ఆగిపోయేసరికి లాంకషైర్ మిల్లులు హిందూదేశం వైపు చూశాయి. ధరలు ఆకాశానికి ఎగసి, 1865లో యుద్ధం ముగియగానే నేలకు దిగాయి. గుంటూరు, కృష్ణా సీమల పత్తికి కాకినాడ రేవు మీదుగా 'కోకనాడ' అన్న వ్యాపారనామం ఉండేది. మా తాతల తరంవారు దక్షిణ కరోలినా పేరు విని ఉండరు గాని, అక్కడ పేలిన ఫిరంగి శబ్దం ఏదో ఒక రూపాన వారి చెవికి తగిలే ఉంటుంది.)

అన్నిటికంటే పెద్ద చిక్కు బొగ్గు. తెరచాప ఓడకు గాలి చాలు. ఆవిరి ఓడకు పొయ్యి ఆరకూడదు. చార్లెస్టన్ ముందు కాపలా కాసే ఓడ బొగ్గు అయిపోగానే వందల మైళ్ళు ఉత్తరానికి, హాంప్టన్ రోడ్స్ దాకా పోవాలి. లేదా దక్షిణాన కీ వెస్ట్‌కు పోవాలి. పోయి వచ్చే కాలమంతా కాపలా లేనట్టే. అందువల్ల ఆ జూన్‌లో నౌకాదళం, సైన్యం, తీరప్రాంత సర్వే శాఖ కలిసి ఒక చిన్న సంఘంగా కూర్చున్నాయి. కెప్టెన్ శామ్యూల్ డ్యూపాంట్ దానికి అధ్యక్షుడు. పటాలు ముందేసుకుని, శత్రువు తీరం మీదనే ఒక రేవు పట్టుకోవాలని వారు తేల్చారు. యుద్ధమంటే కత్తులూ గుర్రాలూ అనుకునే మనవంటివారికి వింతగా ఉంటుంది గాని, ఇంత కథకూ మూలం బొగ్గు దించుకునే చోటు కోసం వెతుకులాట.

వారికి దొరికింది పోర్ట్ రాయల్. ఒకవైపు చార్లెస్టన్, మరొకవైపు సవానా, నడుమ ఇది. ఆ తీరంలో ఇంత లోతైన సహజ రేవు మరొకటి లేదు. రేవు ముఖం వెడల్పు రెండు మైళ్ళకు పైనే. దక్షిణపు ఒడ్డున హిల్టన్ హెడ్ దీవి మీద వాకర్ కోట, ఉత్తరపు ఒడ్డున బే పాయింట్ మీద బోరిగార్డ్ కోట. కోటలంటే రాతికోటలు కావు. ఇసుకా మట్టీ పోసి బానిసల చేత కట్టించిన దిబ్బలు.

అక్టోబరు 29న హాంప్టన్ రోడ్స్ నుంచి 77 ఓడలు బయలుదేరాయి. అమెరికా నౌకాధికారి నడిపిన దండులో అంతకు ముందెన్నడూ అంత పెద్దది లేదు. వాటిలో పన్నెండువేలకు పైగా సైనికులు. వారి సేనాని థామస్ షెర్మన్. జార్జియాను తగలబెట్టిన షెర్మన్ వేరు, ఈయన వేరు. ఎక్కడికి పోతున్నామో ఓడ కెప్టెన్లకే తెలియదు. చెదిరిపోతే తప్ప విప్పవద్దని సీలువేసిన కవర్లు చేతికిచ్చారు. అంత గుట్టుగా బయలుదేరితే, నవంబరు 1న దక్షిణాది యుద్ధమంత్రి జూడా బెంజమిన్ 'పోర్ట్ రాయల్‌కే వస్తున్నారు' అని తంతి కొట్టించాడు. రహస్యాలకు కాళ్ళుంటాయని మనవాళ్ళు ఊరికే అనలేదు.

అదే రోజు తుఫాను మొదలైంది. రేపల్లె ప్రాంతంవాణ్ణి, నవంబరు తుఫాను అంటే ఏమిటో నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఓడలు దిక్కుకొకటిగా చెదిరిపోయాయి. ఒక ఓడ తేలి ఉండడానికి తన ఫిరంగులనే సముద్రంలోకి నెట్టుకుంది. మెరైన్ దళాన్ని మోసుకొస్తున్న 'గవర్నర్' అనే ఆవిరి ఓడ మునిగిపోతుంటే, 'సబీన్' అనే తెరచాప ఓడ దగ్గరకు జరిగి, ఏడుగురు తప్ప అందరినీ ఒకరి తరువాత ఒకరిని తనలోకి ఎక్కించుకుంది. సైనికులను ఒడ్డుకు దించవలసిన చిన్న పడవలు చాలావరకు కొట్టుకుపోయాయి. సైన్యమూ నౌకాదళమూ కలిసి చేయవలసిన దాడి అక్కడితో ఒంటికాలి దాడి అయింది. పన్నెండువేల మంది ఓడల మీద నిలబడి తక్కినవారి యుద్ధాన్ని చూడడమే మిగిలింది.

పెర్సివల్ డ్రేటన్ ఓడ 'పొకహాంటస్' కూడా ఆ తుఫానులోనే చిక్కుకుని వెనుకబడింది.

రేవు ముందుకు చేరాక మరొక చిక్కు. లోతు దారిని చూపే గుర్తులన్నిటినీ దక్షిణాదివారు పీకేశారు. సర్వే శాఖ పడవ ఒకటి ముందు నడిచి, లోతు కొలుచుకుంటూ కొత్త గుర్తులు వేసింది. యుద్ధ చరిత్రల్లో ఆ పడవకు దక్కేది ఒక్క వాక్యం. నాకు మాత్రం ఆ మొత్తం దండులో అందరికంటే గుండెధైర్యం గలవారు ఆ నీటి లోతు కొలిచిన మనుషులేననిపిస్తుంది.

నవంబరు 7 ఉదయం సముద్రం చెరువులా ఉంది. తొమ్మిదిన్నర ప్రాంతంలో కోట మొదటి గుండు వేసింది. ఓడ మీది ఫిరంగి కోట మీది ఫిరంగికి సాటిరాదన్నది అప్పటికి తరతరాల నమ్మకం. ఓడ కదులుతుంది, ఊగుతుంది, కాలుతుంది. కోట కదలదు. డ్యూపాంట్ ఆ కదలికనే ఆయుధం చేసుకున్నాడు. తన 'వాబాష్' ముందు నడవగా ఓడలు వరుసకట్టి రెండు కోటల నడుమ నుంచి లోపలికి పోయాయి. పోతూ రెండు వైపులా కాల్చాయి. రెండు మైళ్ళు లోపలికి వెళ్ళి ఎడమకు తిరిగి, ఈసారి వాకర్ కోటకు ఆరువందల గజాల దగ్గరగా జరిగి బయటకు వచ్చాయి. మళ్ళీ లోపలికి. గానుగ చుట్టూ ఎద్దులు తిరిగినట్టు. కోటలోని గోలందాజులు గురి సరిచూసుకునేలోగా ఓడ అక్కడ ఉండేది కాదు.

పుస్తకాల్లో ఈ చుట్టును కోడిగుడ్డు ఆకారంలో ముచ్చటగా గీస్తారు. నిజానికి వెనుక ఓడల్లో చాలా భాగం ఒక్క చుట్టుతోనే చాలించి, కోటకు ఉత్తరపు పక్కన నిలబడి కాల్చసాగాయి. ఆ పక్క కోటకు రక్షణ లేదు. ఎదురు చెప్పే ఫిరంగి లేదు. ఎవరి ఆజ్ఞా లేకుండా ఒక కెప్టెన్ ఆ చోటు కనిపెడితే తక్కినవారు వెనుక చేరారు. కోటలోనేమో తెచ్చిన గుండ్లు కొన్ని ఫిరంగి నోటికి పట్టవు. పెద్ద ఫిరంగి ఒకటి కొద్దిసేపటికే తన బండి మీద నుంచి దొర్లి పడింది.

మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో తుఫాను దెబ్బలతో కుంటుకుంటూ 'పొకహాంటస్' వచ్చింది. అప్పటికి యుద్ధం ఫలితం ఇంచుమించు తేలిపోయింది. పెర్సివల్ రాకపోయినా ఎవరూ అనేదేమీ లేదు. వచ్చాడు. కోటకు పక్కగా ఓడను నిలిపాడు. కాల్చాడు.

వారి తండ్రి విలియం డ్రేటన్ దక్షిణ కరోలినా తరఫున కాంగ్రెసు సభ్యుడిగా ఉన్నవాడు. సమాఖ్య చట్టాన్ని తోసిపుచ్చే హక్కు రాష్ట్రానికి ఉందన్న వాదం 1830లలో చెలరేగినప్పుడు, ఆయన సమాఖ్య పక్షాన నిలిచి, ఊరు విడిచి ఫిలడెల్ఫియాకు తరలిపోయాడు. పెర్సివల్ నౌకాదళంలో పెరిగాడు. థామస్ దక్షిణాన ఉండిపోయాడు. జెఫర్సన్ డేవిస్‌కు వెస్ట్ పాయింట్ నాటి మిత్రుడు, భార్య వైపు నుంచి హిల్టన్ హెడ్ మీద ఫిష్ హాల్ అనే పత్తి ఎస్టేటు వచ్చింది. అంటే ఆ రోజు థామస్ కాపాడుకుంటున్నది దేశాన్నే కాదు, సొంత పొలాన్ని కూడా.

రెండు గంటలకు వాకర్ కోట ఖాళీ అయింది. ఓడల మీద ఎనిమిదిమంది, కోటల్లో పదకొండుమంది చనిపోయారు. ఆ యుద్ధంలో తరువాత జరిగినవాటితో పోలిస్తే లెక్కలోకి రాని సంఖ్య. అదే సాయంత్రం ఆ తీరప్రాంత సేనాధిపత్యం చేపట్టడానికి రాబర్ట్ లీ అక్కడికి చేరుకున్నాడు. చూసిన మీదట ఆయన తీరంలో చాలా భాగం వదులుకున్నాడు. ఫిరంగి పడవలు రాగలిగినంత మేరా ఓడలవాళ్ళకే వదిలేసి, లోపల చార్లెస్టన్, సవానాలను కలిపే రైలుదారిని పట్టుకుని కూర్చున్నాడు. నీటిమీద గెలిచినవారు ఆ రైలుదారిని మూడేళ్ళపాటు తెంచలేకపోయారు. అసలు డ్యూపాంట్‌కు ఈ గెలుపు కీడే చేసిందంటాను నేను. ఓడలు చాలు, కోటలు పడిపోతాయన్న ధీమా వాషింగ్టన్‌కు పట్టుకుంది. 1863 ఏప్రిల్‌లో, ఆయనకు నమ్మకం లేకున్నా, ఇనుప ఓడలతో చార్లెస్టన్ మీదికి పంపారు. ఓడిపోయాడు. పేరూ పోయింది.

ఇంతవరకూ చదివి, అన్నదమ్ముల కథ రాసుకుందామని కూర్చున్నాను. మనకిటువంటివి కొత్తవా? నలగామరాజు, మలిదేవరాజు సవతి అన్నదమ్ములు, కారెంపూడిలో తలపడ్డారు. చిన్నప్పుడు మా నాయనమ్మ బాలచంద్రుడి కథ చెబుతుంటే అన్నయ్య వైపు నుంచి ఒక ముక్కు చీదిన చప్పుడు, నా వైపు నుంచి ఒకటి. ఆ బలహీనత నాకింకా పోలేదు. పెర్సివల్ మొదటి గుండు వేయమని చెప్పినప్పుడు అతని గొంతు ఎలా ఉండి ఉంటుందని ఆలోచిస్తూ రెండు రాత్రులు గడిపాను. నిజం చెప్పాలంటే అందులో పెర్సివల్ తక్కువ, నేను ఎక్కువ.

ఈ కథనే దీవిలో రెండో రోజు భోజనాల దగ్గర మా పెద్దమ్మాయికి చెప్పాను. దానికి పదిహేనేళ్ళు. అంతా విని, "మరి ఆ ఎస్టేటులో పనిచేసినవాళ్ళు? వాళ్ళు ఏ అన్నదమ్ముడి పక్షం?" అంది.

నా దగ్గర జవాబు లేదు. మర్నాడు వెతుక్కుంటూ వెళ్ళాం. దీవి ఉత్తరపు ఒడ్డున, మా అద్దె ఇంటికి పది నిమిషాల దూరంలో, మిచెల్‌విల్ అనే ఊరుండిన చోటు ఇప్పుడొక ఉద్యానం. ఓక్ చెట్లు, పలకల దారి, అవతల ఉప్పునీటి బురదనేల. ఫిష్ హాల్ ఎస్టేటుకు మిగిలిన గుర్తులు అక్కడికి దగ్గరలోనే ఉన్నాయి. బానిసలుండిన గుడిసెల పొగగూళ్ళ మొండి గోడలు. చేతితో తడిమితే గరుకుగా ఆల్చిప్పలు. ఆల్చిప్పలు కాల్చి సున్నం చేసి, ఇసుకా చిప్పలూ కలిపి పోసిన గోడలవి. మన గుల్లసున్నమే. మా ఊళ్ళో గుల్ల కాల్చే బట్టీ దగ్గర ముక్కు మండే ఆ వాసన నూటయాభై యేళ్ళ నాటి గోడ దగ్గర ఉండదు గాని, నాకు వచ్చింది.

యజమానులు ఏం చేశారంటే, పారిపోయారు. ఓడలు లోపలికి వచ్చాయని తెలియగానే పడవలు కట్టుకుని, బానిసలను కూడా ఎక్కమన్నారు. కొందరిని బలవంతాన తీసుకుపోయారు. తక్కినవారు పత్తిచేలల్లోకీ చిత్తడి అడవుల్లోకీ పోయి దాక్కున్నారు, పిలుపులు ఆగేదాకా బయటకు రాలేదు. ఉత్తరాదివాళ్ళు మిమ్మల్ని క్యూబాకు అమ్మేస్తారని యజమానులు భయపెట్టారట. నమ్మలేదు. ఆ దీవులన్నిటి మీదా కలిపి దాదాపు పదివేలమంది అలా ఉండిపోయారు. ఎదురుగా నగిషీల ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి. గాదెల్లో పత్తి ఉంది. ఎవరి పత్తి అది? ఎవరి నేల? ఆ ప్రశ్నకు ఆ రోజు ఎవరి దగ్గరా చట్టం లేదు.

వారికి స్వేచ్ఛ వచ్చిందా అంటే, లేదు. అదే ఏడాది మే నెలలో, వర్జీనియాలోని మన్రో కోటకు ముగ్గురు బానిసలు రాత్రివేళ పడవ వేసుకు వచ్చినప్పుడు, బట్లర్ అనే సేనాని వారిని తిప్పి పంపకుండా ఒక కిటుకు వేశాడు. శత్రువు వీరిని ఆస్తి అంటున్నాడు కదా, యుద్ధానికి పనికివచ్చే శత్రువు ఆస్తిని పట్టుకునే హక్కు నాకుంది అన్నాడు. మనుషులను విడిపించడానికి కూడా మొదట వారిని సరుకు అనవలసివచ్చింది. పోర్ట్ రాయల్‌లో మిగిలినవారిదీ అదే హోదా. 1862 మే 9న హంటర్ అనే సేనాని ధైర్యం చేసి వీరంతా స్వతంత్రులని ప్రకటిస్తే, పది రోజులకు లింకన్ దాన్ని రద్దుచేశాడు. కాగితం మీద స్వేచ్ఛ 1863 జనవరి 1న గాని రాలేదు.

కాని కాగితం కోసం ఎవరూ ఆగలేదు. బ్యూఫోర్ట్‌లో పుట్టిన రాబర్ట్ స్మాల్స్ అనే ఇరవైమూడేళ్ళ బానిస, చార్లెస్టన్‌లో 'ప్లాంటర్' అనే సైనిక ఓడకు చుక్కాని పట్టేవాడు. 1862 మే 13 తెల్లవారకముందు, తెల్ల అధికారులు ఒడ్డున నిద్రపోతుండగా, తోటి బానిసలతో, కుటుంబాలతో ఆ ఓడను నడుపుకుంటూ బయలుదేరాడు. కెప్టెన్ గడ్డిటోపీ తలమీద పెట్టుకుని, సమ్టర్ కోట ముందు వేయవలసిన ఈల వేయవలసినట్టు వేసి, ఫిరంగుల మేర దాటాక తెల్ల దుప్పటి ఎగరేసి, ఓడను డ్యూపాంట్ దండుకు అప్పగించాడు. తరువాత బ్యూఫోర్ట్‌లో తన పాత యజమాని ఇంటినే పన్ను వేలంలో కొన్నాడు. కాంగ్రెసు సభ్యుడయ్యాడు. అన్నదమ్ముల కథకు కన్నీళ్ళు పెట్టుకున్న నేను ఈ పేరు అంతవరకు వినలేదు.

మిచెల్‌విల్‌ను 1862 చివర కట్టడం మొదలుపెట్టారు. ఆర్మ్‌స్బీ మిచెల్ అనే సేనాని ఊరికి పథకం వేశాడు. ఖగోళ శాస్త్రవేత్త. ఆ అక్టోబరులోనే పచ్చజ్వరంతో పోయాడు. ఇంటికి పావు ఎకరం. ఇళ్ళు కట్టుకున్నది వారే, ఊరి పెద్దలను ఎన్నుకున్నదీ వారే. ఆరు నుంచి పదిహేనేళ్ళ పిల్లలంతా బడికి పోవాలని చట్టం చేశారు. అచ్చమైన అక్షరం ముట్టుకుంటే శిక్షపడిన రాష్ట్రంలో. ఊరికి ఎంచుకున్న నేల థామస్ డ్రేటన్‌ది. తమ్ముడి ఓడ ఆ నేలను గెలిచి అన్నకు ఇవ్వలేదు, తానూ తీసుకోలేదు. అప్పటిదాకా దాన్ని దున్నినవారు వచ్చి కూర్చున్నారు.

ఆ దీవులవారి భాష పేరు గల్లా. (మన గల్లాపెట్టెతో చుట్టరికం లేదు.) 1861 నవంబరు 7ను వారు చాలాకాలం 'పెద్ద ఫిరంగులు మోగిన రోజు' అని చెప్పుకునేవారు. ఎవరి వయసైనా అడిగితే ఆ రోజుకు నేను ఇంతవాణ్ణి అనేవారు. అది చదవగానే నా వయసు గుర్తుకొచ్చింది. మా వైపు అడిగితే ఇప్పటికీ ఉప్పెన నాటికి ఇన్నేళ్ళు అంటాం. 1977 నవంబరు 19. నాకు ఆరు, అన్నయ్యకు తొమ్మిది.

ఆ రాత్రి మమ్మల్నిద్దరినీ చెరొక భుజం మీద ఎక్కించుకుని, నడుములోతు నీళ్ళలో బడి మేడ దాకా మోసుకుపోయినవాడు మా పెద్దపాలేరు. నాన్న అప్పుడు గుంటూరులో ఉన్నాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. అంత చిన్నపిల్లలం ఆయన్ను పేరు పెట్టి, రా అని పిలిచేవాళ్ళం. అది చాలు. ఏడాదికి ఇన్ని బస్తాలని జీతం, ముప్ఫయి యేళ్ళకు పైగా మా ఇంట్లోనే. ఉప్పెన తరువాత నాన్న ఆయన్ను కాలువగట్టు దగ్గరకు తీసుకువెళ్ళి, "ఈ అరెకరం నీది, వీలు చూసి రిజిస్టరు చేయిస్తాను" అన్నాడు. మేమిద్దరం గట్టు మీదే ఉన్నాం. విన్నాం. నాన్న వీలు చూడలేదు. ఆయన మాత్రం ఆ అరెకరాన్ని తనదిగానే సాగుచేసుకున్నాడు. నాన్న పోయాక పంపకాల్లో ఆ ముక్క ఎవరి వాటాలోకి రావాలన్న దగ్గర మేము చెడ్డాం. దావా వేశాం. దావా తేలేదాకా ఎవరూ దిగకూడదన్నారు కనుక ఆయన్ను దిగవద్దన్నాం.

అక్కడి బానిసత్వాన్నీ ఇక్కడి పాలేరుతనాన్నీ ఒకటని నేననడంలేదు. రెండూ తెలిసినవారెవరూ అనరు. పదకొండేళ్ళుగా నేను అన్నయ్య గురించి బాధపడ్డాను, కోపపడ్డాను, కలలుగన్నాను. ఆయన ఏమయ్యాడని ఒక్కసారి అడగలేదు. అంతే.

తిరిగి వచ్చిన రెండు నెలలకు, ఒక శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు ఫోను చేశాను. అక్కడ తెల్లవారి ఏడు. అన్నయ్య ఆ వేళకు పొలం నుంచి వచ్చి ఉంటాడు.

"ఎవరూ?"

"నేనన్నయ్యా."

కాసేపు ఏమీ వినిపించలేదు. "ఏమైందిరా? పిల్లలు బాగున్నారా?"

"బాగున్నారు. అందరం బాగున్నాం."

"వాయిదా సంగతైతే లాయరుతో మాట్లాడుకో."

"అది కాదు." పెద్దపాలేరు పేరు చెప్పాను. "ఎలా ఉన్నాడు?"

"కరోనా రెండోసారి వచ్చిందే, అప్పుడు పోయాడు. నేనూ వెళ్ళలేదు. ఎవరం ఎక్కడికి వెళ్ళాం అప్పుడు."

"నాన్న ఆయనకిచ్చిన మాట నీకు గుర్తుందా?"

"ఉంది," అన్నాడు. మళ్ళీ కాసేపాగి, "నీకూ ఉందనుకోలేదు," అన్నాడు.

కొడుకు చెరుకుపల్లిలో ఉంటున్నాడట. ట్రాక్టరు తోలతాడట. నంబరు ఉందా అని అడిగాను. ఉండు, కళ్ళజోడు తెచ్చుకుంటానన్నాడు. ఫోను బల్లమీద పెట్టిన చప్పుడు, వదినతో ఏదో అంటున్న మాట, సొరుగు లాగిన చప్పుడు. వచ్చి ఒక్కొక్క అంకే చెప్పాడు. రాసుకున్నాను. తప్పు పోయి ఉంటుంది, మొదటి నుంచి చదువు అన్నాడు. చదివాను.